టెండరు తేలేదాకా

జనవరి మొదటి సోమవారం మా అక్క ఆర్డిస్, ఆఫీసు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి బల్ల మీద పెట్టింది. తను సంతకం పెట్టేసిందని, నేను ఊరికే చదివితే చాలని చెప్పింది. చదివాను. టెండరు తేలేదాకా ఆ విషయం భర్తతో గాని భార్యతో గాని ఇంట్లో ఇంకెవరితో గాని మాట్లాడనని అందులో ఉంది. "ఇంకెవరితో గాని" అన్నచోట అక్క వేలు పెట్టి చూపించింది.

"అంటే నేనేగా," అన్నాను.

"నువ్వే. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో సాయంత్రం భోజనం దగ్గర అక్క ఆఫీసు గోల తప్ప వేరే మాట లేదు. అక్క రాష్ట్రప్రభుత్వంలో మెడికెయిడ్ విభాగంలో పనిచేసేది. పేదవాళ్ళకీ మంచాన పడ్డవాళ్ళకీ వైద్యం చేసిన ఆసుపత్రులు, ఇళ్ళకెళ్ళి సేవ చేసేవాళ్ళు, అంబులెన్సుల వాళ్ళు అక్కడికే బిల్లులు పంపుతారు. క్లెయిములంటారు వాటిని. అవన్నీ ఒక ముసలి కంప్యూటరు గుండా పోవాలి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. అది మింగలేనివన్నీ ఒక పక్కన ఆగిపోతాయి. ఆ ఆగిపోయినవాటిని ఒక్కొక్కటీ విప్పి చూసి ముందుకి తొయ్యడమే ఇరవైతొమ్మిదేళ్ళుగా అక్క పని. ఏ క్లెయిము ఎందుకు ఆగిందో వినీ వినీ, మోటెల్‌లో గదులు ఊడ్చే నాకు కూడా ఆ ఉద్యోగం సగం వచ్చేసింది.

ఇప్పుడు ఆ ముసలి కంప్యూటరు బదులు కొత్తది కొనాలని ప్రభుత్వం టెండరు పిలిచింది. మార్కులు వెయ్యడానికి ఏడుగురితో కమిటీ వేశారు. అందులో అక్క ఒకతి. వాళ్ళందరి మీదా టాలెఫ్‌సన్ గారని టెండర్ల అధికారి. ఏ కంపెనీ వాడి దగ్గరా ఒక కప్పు కాఫీ కూడా తాగొద్దని, చివరికి చర్చిలో పక్క బెంచీ వాడు అడిగినా వాతావరణం గురించే మాట్లాడమని చెప్పాడట.

మొదటి వారం మేము వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. మైనస్ ముప్పై ఉన్నప్పుడు దాని గురించి చెప్పుకోడానికి మాత్రం ఎంతుంటుంది? అక్క నెఫ్లా సూపులో పిండి ఉండల్ని గరిటెతో అటూ ఇటూ తోస్తూ, "ఇవాళ ఆఫీసులో..." అని మొదలెట్టి చటుక్కున ఆగిపోయేది. నేను రొట్టె అందించేదాన్ని. గోడగడియారం చప్పుడు వినపడేది. రెండో వారంలో చీట్లపేక తీశాం. మూడో వారానికి నాకు తెలిసొచ్చింది, మా ఇద్దరికీ ఆ ఆఫీసు మాటలు ఒక కంచెలా పనికొచ్చాయని. అవి లేకపోయేసరికి కంచె అవతల ఏముందో ఇద్దరికీ కనబడుతూనే ఉంది. ఇద్దరం అటు చూడకుండా పేక పంచుకుంటున్నాం.

కంచె అవతల ఉన్నది మా అమ్మ.

ఆరేళ్ళ కిందట కూడా ప్రభుత్వం ఇలాగే ఒక కొత్త కంప్యూటరు కొంది. అది ఐదు నెలలు ఉండి కూలబడింది, మళ్ళీ ముసలిదాన్నే నడిపారు. ఆ ఐదు నెలలూ రాష్ట్రమంతటా క్లెయిములు కుప్పపడిపోయాయి. అమ్మకి పక్షవాతం. ఉదయం వచ్చి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, తినిపించి వెళ్ళే యూనిస్ అనే ఆవిడకి ఏడువారాలపాటు జీతం రాలేదు. ఎనిమిదో వారంలో ఆవిడ ఏడుస్తూ ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరింది. ఆవిడది తప్పని ఎవరంటారు? నేను, అక్క ఇద్దరం పనికెళ్ళేవాళ్ళం. అమ్మని తొంభై మైళ్ళ దూరంలో ఖాళీ ఉన్న నర్సింగ్ హోముకి పంపాం. రెండో నెలలో అక్కడే పోయింది. క్లెయిముల ఆఫీసులో పెద్ద సీట్లో కూచున్న అక్క, సొంత తల్లి క్లెయిము ఒక్కటి కదపలేకపోయిందని నా కడుపులో ఉండిపోయింది. ఆ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదు. అక్కా ఎత్తలేదు.

ఫిబ్రవరిలో కంపెనీల వాళ్ళు దిగారు. మొత్తం మూడు కంపెనీలు. ఒక్కొక్కళ్ళూ ఒకరోజు కమిటీ ముందు తమ కంప్యూటరు పనిచేసి చూపించాలి. ప్రభుత్వం రెండు వారాల ముందే కొన్ని నమూనా క్లెయిములు పంపింది, వాటినే నడిపి చూపించమని. శాసనసభ జరుగుతున్న రోజులు కాబట్టి ఊళ్ళో మంచి హోటళ్ళన్నీ సభ్యులతో నిండిపోయాయి. అందువల్ల మంగళవారం వంతు వచ్చిన కంపెనీ వాళ్ళు ఐదుగురు మా మోటెల్‌కే వచ్చారు. అందరికీ ఒకే రకం నీలం కోట్లు. మూడింట్లోకీ పెద్ద కంపెనీ వాళ్ళదేనని, పని వాళ్ళకే పోతుందని పేపర్లో రాశారు. మా మేనేజరు కూడా అదే అన్నాడు.

వాళ్ళకి పెద్ద ప్రూయిట్ అనే ఆవిడ. దక్షిణాది మనిషి. నేను తువ్వాళ్ళు ఇవ్వడానికి వెళ్తే లేచి నిలబడి అందుకునేది. రెండోరోజు నా చొక్కా మీద పేరు చదివింది.

"వోగెల్ గారా? కమిటీలో కూడా ఒక వోగెల్ ఉన్నట్టున్నారే?"

"ఈ ఊళ్ళో రాళ్ళెన్నున్నాయో వోగెల్‌లూ అంతమంది ఉంటారండి. పొలం దున్నితే పైకొస్తారు," అన్నాను.

ఆవిడ నవ్వి ఊరుకుంది. అది అబద్ధం కాదు. మా ఇంటిపేరు వాళ్ళు ఫోను పుస్తకంలో ఒక పేజీ నిండా ఉన్నారు. అయినా ఆ పూటంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు భోజనానికి బయటికి వెళ్ళినప్పుడు పద్నాలుగో గది శుభ్రం చేయడానికి వెళ్ళాను. ఆ గదిని ఆఫీసులా వాడుకుంటున్నారు. చెత్తబుట్ట నిండి పొర్లిపోతోంది. సంచిలోకి ఒంపుతుంటే కాగితాలు కింద పడ్డాయి. కంప్యూటరు తెరల బొమ్మలవి. ప్రతిదాని మూలన ఒక నంబరు వేసి ఉంది. అంచున పెన్నుతో రాతలు. ఊరికే ఏరి సంచిలో పడేసేదాన్నే, కాని ఒకదాని మీద రాత కంట్లో పడింది. "ఇది బొమ్మ మాత్రమే. దీని వెనక ఏమీ లేదు. వెనక్కి వెళ్ళొద్దు. వేరే పేరు పెట్టమంటే టైము లేదని చెప్పాలి."

మంచం అంచున కూచున్నాను. ఇరవై ఏళ్ళు అక్క మాటలు విన్నదాన్ని కాకపోతే నాకు అర్థమయ్యేది కాదు. వాళ్ళ దగ్గర కంప్యూటరు లేదు. ప్రభుత్వం పంపిన నమూనాలకి సరిపడా తెరల బొమ్మలు గీసుకొచ్చారు. ఒకటి తర్వాత ఒకటి తిప్పుతారు. చూసేవాళ్ళకి అన్నీ నడుస్తున్నట్టే ఉంటుంది. సంతకాలయ్యాక, యూనిస్‌లాంటి వాళ్ళకి మళ్ళీ ఏడువారాలు.

ఆ కాగితం మడిచి ఆప్రాను జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క చేతులనిండా పిండితో కూకెన్ అనే పళ్ళ కేకు చేస్తోంది. నేను కోటు విప్పి, ఆప్రాను విప్పకుండానే ఆపిళ్ళు తొక్క తీయడానికి కూచున్నాను. జేబులో కాగితం కరకరలాడుతోంది. చూపిస్తే అక్క కమిటీలోంచి పోతుంది. సంగతి బయటపడితే ఆ కంపెనీ కోర్టుకెక్కుతుంది, టెండరు మొత్తం రద్దవుతుంది, ముసలి కంప్యూటరు ఇంకో మూడేళ్ళు మూలుగుతుంది. చూపించకపోతే ఎల్లుండి ఆ ఏడుగురూ బొమ్మలు చూసి మార్కులేస్తారు. రెండూ తలుచుకుంటుంటే, ఆరేళ్ళుగా గొంతు దాటనిది ఆ కంగారులో దాటేసింది.

"అక్కా, ఆ కంప్యూటరు చెడకపోయుంటే అమ్మ ఈ ఇంట్లోనే పోయుండేదా?"

అప్పడాల కర్ర ఆగింది. "లోనీ, టెండరు గురించి నేను..."

"టెండరు గురించి కాదు. అమ్మ గురించి."

అక్క చేతులు తుడుచుకుంది, మళ్ళీ పిండిలో పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా మొదలెట్టింది. యూనిస్ పంపిన క్లెయిము ఆ కుప్పలో ఉందని తనకి మొదటిరోజు నుంచీ తెలుసునని చెప్పింది. రోజూ పొద్దున్నే తెర తెరవగానే దాని నంబరు కనబడేదట. ఇప్పటికీ నోటికొచ్చునని చెప్పి, నంబరు అప్పజెప్పింది కూడా.

"మరీ అన్యాయంగా ఉన్నవి రోజుకి పది చేత్తో తోయడానికి నాకు పర్మిషనుండేది," అంది. "పదే. ఇంట్లో వాళ్ళది నేను ముట్టుకోకూడదు. పక్క సీటామెని అడిగుండొచ్చు. అడిగితే కాదనేది కాదు. కానీ అమ్మది ఎక్కితే ఇంకొకళ్ళది దిగిపోవాలి కదే."

"ఎవరిది?"

"ఓ రోజు ముక్కులో గొట్టంతో పాలు పట్టే చంటిపిల్లది. ఓ రోజు డయాలసిస్‌కి వ్యాన్లో తీసుకెళ్ళేవాడిది. రోజూ ఎవరో ఒకళ్ళు ఉండేవాళ్ళు. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకున్నా. ఈలోగా యూనిస్ వెళ్ళిపోయింది."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు," అంది అక్క. "అడిగితే బాగుండునని మాత్రం ఉండేది."

లేచి అక్క చేతిలో కర్ర తీసుకుని మిగతా పిండి నేను ఒత్తాను. అక్క కూచుని ఆపిళ్ళ తొక్క తీసింది. పొయ్యిలో పెట్టాక చూస్తే రెండు పళ్ళేలకు బదులు మూడు అయ్యాయి. ఇద్దరం వేడివేడిగా నిలబడే తినేశాం.

కాగితం చూపించకూడదని అప్పుడే తేలిపోయింది నాకు. నియమం తప్పకుండా ఉండడానికి అక్క ఏం పోగొట్టుకుందో విన్నాక, నా చేత్తో ఆవిడ నియమం తప్పించలేను.

సోమవారం మధ్యాహ్నం భోజనం మానేసి టాలెఫ్‌సన్ గారి ఆఫీసుకి వెళ్ళాను. పొడుగాటి మనిషి, బల్ల మీద ఒక్క కాగితం కూడా వంకరగా లేదు. నేను ఫలానా అని, గదులు శుభ్రం చేస్తానని, చెత్తబుట్టలో ఒకటి దొరికిందని చెప్పి జేబులో చెయ్యి పెట్టేలోగా ఆయన అరచెయ్యి ఎత్తాడు. బల్ల మీదదా, బుట్టలోదా అని అడిగాడు. బుట్టలోదన్నాను. మీ అక్క చూసిందా? లేదు. అందులో ఏముందో నోటితో చెప్పారా? లేదు. అప్పుడు సొరుగులోంచి ఒక కవరు తీసి నా వైపు జరిపాడు. నేనే కాగితం అందులో పెట్టి అంటించి, అతుకు మీద సంతకం పెట్టాను. ఆయన తేదీ, టైము రాశాడు.

"లాయరుతో మాట్లాడతాను. రేపటిలోగా తేలదు," అన్నాడు.

"రేపే కదండీ వాళ్ళు చూపించేది?"

"అవునండి."

"మరి ఎలా?"

ఆయన కిటికీలోంచి నది మీద మంచుకేసి కాసేపు చూశాడు. "ఆ గదిలో ఏడుగురు కూచుంటారు. అందరికీ నోళ్ళున్నాయి. ఏమైనా అడగొచ్చు. మీ అక్కగారిని నేను పద్దెనిమిదేళ్ళుగా ఎరుగుదును వోగెల్ గారూ. మీరు వెళ్ళి భోజనం చెయ్యండి."

భోజనం ఎక్కడ దిగుతుంది? మంగళవారం పొద్దున నీలం కోట్లవాళ్ళు మెరిసే బూట్లతో మంచు మీద జారుకుంటూ వ్యానెక్కారు. అక్క అప్పటికే బూడిదరంగు స్వెట్టరు వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ రోజు రెండో గదిలో దుప్పట్లు రెండుసార్లు మార్చాను. మేనేజరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. కౌంటరు దగ్గర కూచోమన్నాడు.

మూడున్నరకి వ్యాను తిరిగొచ్చింది. నలుగురు ఎవరి గదుల్లోకి వాళ్ళు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ప్రూయిట్ ఒక్కతే కౌంటరు దగ్గరికొచ్చి, గదులు ఇవాళే ఖాళీ చేస్తామంది.

"శుక్రవారం దాకా ఉంటామన్నారు కదండీ?"

"ఇంక ఇక్కడ పనేం లేదు," అంది. నేను కాఫీ పోసిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, నాకు చెబుతున్నట్టు కాకుండా కప్పుకి చెబుతున్నట్టు మాట్లాడింది. అంతా బాగానే నడిచిందట. చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువట. చివర్లో స్వెట్టరు వేసుకున్న ఒకావిడ చెయ్యెత్తిందట.

"నెల మధ్యలో రోగిని నర్సింగ్ హోముకి మార్చేస్తే, అంతకుముందు ఇంట్లో చేసినావిడ డబ్బులు ఎలా వస్తాయి, చూపించమంది. మావాడు టైము లేదన్నాడు. పర్లేదు, మాకు సాయంత్రం దాకా తీరికే, వెనక తెరకెళ్ళి ఆ తేదీ ఒకటి మార్చండి చాలు అంది." ప్రూయిట్ కప్పు కింద పెట్టింది. "కోపం కూడా పడలేదావిడ. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ కూచుంది. మా వాడు నొక్కలేక, నొక్కకుండా ఉండలేక... నేనే లేచి చెప్పేశాను, అది ఇంకా తయారవలేదని."

"మీరే చెప్పారా?"

"ఎనిమిది నెలలైంది నేను చేరి. తయారైందనే చెప్పారు నాకు కూడా. శనివారం తెలిసింది." నా చొక్కా మీద పేరు మళ్ళీ చూసింది. "మీ చెల్లెలా, అక్కా?"

"ఈ ఊళ్ళో వోగెల్‌లు చాలామందని చెప్పాను కదండీ."

"చెప్పారు," అంది. ఆవిడ ముఖంలో మొదటిసారి అలసట తగ్గినట్టనిపించింది. కాఫీ పూర్తిగా తాగి వెళ్ళింది.

వాళ్ళ వ్యాను వంతెన దాటేదాకా చూసి, సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని సబ్బుల పెట్టె మీద కూచున్నాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఏడుద్దామనుకున్నాను కాని నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం అక్క బూట్లు విప్పుకుంటుంటే సూపు వడ్డించాను.

"ఎలా జరిగిందని నేను అడగను," అన్నాను.

"అడక్కు," అంది. రెండు గిన్నెలు తాగింది. తర్వాత పేక పంచింది. వరసగా నాలుగు ఆటలు ఓడిపోయింది, పట్టించుకోలేదు.

ఏప్రిల్ రెండోవారంలో ఫలితం చెప్పారు. గురువారం చూపించిన మూడో కంపెనీకి వచ్చింది. అభ్యంతరాలకి ఇచ్చిన పదిరోజుల్లో నీలం కోట్ల కంపెనీ నోరెత్తలేదు. నా కవరుని మార్కులన్నీ వేశాకే లాయరు ముందు తెరిచారట. దానివల్ల ఒక్క మార్కూ మారలేదని, ఫైలులో ఉంటుందని టాలెఫ్‌సన్ గారు రెండు వాక్యాల ఉత్తరం రాశాడు. పదకొండోరోజు అక్క ఆఫీసు నుంచి వచ్చి, ఇంక మాట్లాడొచ్చని చెప్పింది. ముందు నేను చెబుతానన్నాను. పద్నాలుగో గది సంగతంతా చెప్పాను.

అక్క బల్ల మీద రొట్టెముక్కల్ని వేలితో ఒక దగ్గరికి చేర్చింది.

"ఆ ఆదివారం నీ జేబులో కరకరలాడింది అదా?" అంది. "మళ్ళీ సిగరెట్లు మొదలెట్టావేమో అనుకున్నా."

తన సంగతి కూడా చెప్పింది. మూడో కంపెనీ తరఫున గోధుమరంగు టై కట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడట. నత్తనడక మనిషి. కాని అడిగిన తేదీ పెట్టాడు, వెనక్కి వెళ్ళాడు, ముందుకొచ్చాడు, ఒకచోట కంప్యూటరు తప్పు చేస్తే ఇది తప్పు చేసిందండీ అని అందరి ముందూ రాసుకున్నాడట. ఆ రాసుకోవడానికే తను మార్కులు వేశానంది అక్క. ఆ కొత్త కంప్యూటరు సవ్యంగా ఏడాది నడిచేదాకా ఉద్యోగంలో ఉంటానని, ఆ మర్నాడే మానేస్తానని కూడా అంది. మానేసి ఏం చేస్తావంటే, తోటపని చేస్తానంది. మొలకలకి దక్షిణపు కిటికీ కావాలంది.

మా ఇంట్లో దక్షిణపు కిటికీ అమ్మ గదికే ఉంది.

శనివారం ఆ తలుపు తీశాం. ఆరేళ్ళనాటి గాలి. మర తిప్పి ఎత్తే ఆసుపత్రి మంచం అలాగే ఉంది. ఎవరికో పనికొస్తుందని చర్చివాళ్ళకి ఇచ్చేద్దామన్నాను. అక్క తలవైపు, నేను కాళ్ళవైపు పట్టుకుని గుమ్మం దాకా లాగాం. అక్కడ ఇరుక్కుపోయింది. అక్క ఎడమకంటుంది, నాకది కుడి. ఎత్తమంటే దించాను. చివరికి మంచం గుమ్మంలో అడ్డంగా బిగుసుకుని, అక్క గది లోపల, నేను బయట. ఎవరికీ అటూ ఇటూ దాటేదారి లేదు.

"ఇప్పుడేం చేద్దామే?" అంది అక్క, మంచం మీద కూలబడి.

నేను కూడా నా వైపు చివర కూచున్నాను. ఆవిడ వెనక కిటికీలోంచి ఎండ నిండుగా పడుతోంది. నది మీద మంచు పగులుతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది.

"తొందరేముంది? కాసేపు కూచుందాం," అన్నాను.